అత్తయ్య కుండలో కొర్రమీను

అత్తయ్య పోయిందని కార్డు వచ్చింది. మావయ్యకి రాయడం రాదు. ఎవరిచేతో రాయించినట్టున్నాడు, నాలుగే ముక్కలు. "మీ అత్తయ్య సోమవారం తెల్లవారుజామున కాలం చేసినది. మూడు రోజుల జ్వరము. నువ్వు రావలెను." అలాంటి కార్డు చదివాక ఇంట్లోకి తేకూడదు, గుమ్మం బయటే చింపెయ్యాలంటారు. నేను ఏలూరులో పనిచేసే సైకిలు షాపు ముందు నిలబడి చదివాను. చింపబోయాను. చెయ్యి రాలేదు. మడిచి జేబులో పెట్టుకుని, చేతిలో ఉన్న చక్రం బిగించడం పూర్తిచేసి, షాపు ఆయనతో చెప్పి బయల్దేరాను.

ఆవిడ మా మేనమామ భార్య. కొల్లేటి మధ్య ఒక చిన్న లంకలో కాపరం. ఆ లంక దాటి నాలుగూళ్ళు చూసిన మనిషి కాదు. ఆవిడ గురించి మీకు చెప్పాలని ఎందుకనిపించిందంటే, మీ ఇంట్లోనూ ఒక పెద్దాయనో పెద్దావిడో అన్నీ మరిచిపోతూ ఉండవచ్చు. ఆ పెద్దాయన సంగతి అందరూ అడుగుతారు. ఆయన పక్కన అన్నం గిన్నె పట్టుకుని కూర్చున్న మనిషి సంగతి ఎవరూ అడగరు. నేనూ చాలాకాలం అడగలేదు.

నేను ఫోర్తు ఫారంలో బడి మానేశాను. గోనెసంచుల మిల్లులో మూడు నెలలు, తివాచీల మగ్గం మీద ఒక నెల, పొగాకు లారీలెక్కి జంగారెడ్డిగూడెం దాకా కొన్నాళ్ళు తిరిగాను. "దేవుడు వీడి కాలికి బొంగరం కట్టి పంపాడు" అనేది మా అమ్మ. రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు చలికాలంలో అమ్మ నన్ను పిలిచి, "ఎలాగూ ఊరికే తిరుగుతున్నావు. నాలుగు రోజులు లంకకెళ్ళి తాతయ్యని చూసుకో. మీ అత్తయ్య పుట్టింటికెళ్ళాలి" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. నాలుగు రోజులు చేపలు తిని పడుకోవచ్చు కదా అనుకుని వెళ్ళాను.

కొల్లేరు నాకు ఎప్పుడూ సగం కలలాగే గుర్తుంటుంది. చలికాలం పొద్దున్నే మంచెక్కడ ఆగిందో నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలీదు. తాటిదోనె నీటిమీద పోతోందో మబ్బుమీద పోతోందో చెప్పలేం. ఎక్కడో పక్షులు మాట్లాడుకుంటూ ఉంటాయి, ఒక్కటీ కనిపించదు. దోనె నడిపేవాడి ముఖం కూడా వస్తూ పోతూ ఉంటుంది. ఆ మంచులో ఒక్కటి మాత్రం నిలబడి కనిపిస్తుంది. నీళ్ళలో పాతిన కర్ర. దాని కొసన తాటినార, నారకి ముళ్ళు. ఎవరి మావు దగ్గర వాళ్ళు తమ గుర్తు కర్ర పాతుకుంటారు. మావు అంటే వెదురు బద్దలతో అల్లిన పొడుగాటి బుట్ట. లోపలికెళ్ళిన చేప మళ్ళీ బయటికి రాలేదు. ఒకరి గుర్తున్న మావు ఇంకొకరు ఎత్తకూడదు. ఆ లంకలో దొంగతనం అంటే అదొక్కటే.

మా తాతయ్య గుర్తు రెండు ముళ్ళు.

తాతయ్య అంటే మా అమ్మ నాన్న. ఏ నీటిలో మావు పెడితే ఏ చేప పడుతుందో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదనేవారు. డెబ్బై దాటాక ఆయనకి మరుపు వచ్చింది. మొదట పేర్లు పోయాయి. తర్వాత మనుషులు పోయారు. ఆ తర్వాత ఇల్లు పోయింది. సొంత వసారాలో కూర్చుని, "ఏవండీ, ఇహ మేం ఇంటికెళ్తాం, పొద్దుపోయింది" అనేవాడు, వచ్చిన చుట్టంలా మర్యాదగా. ఏలూరు తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించారు. ఇది వయసుతో వచ్చే జబ్బు, దీనికి మందు లేదు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి అన్నారాయన. ఆ ఎవరో ఒకరు అత్తయ్య. కనిపెట్టుకునేవాళ్ళని ఎవరు కనిపెట్టుకోవాలండీ అని ఆవిడ ఆ రోజు అడగలేదు. అడిగుంటే బాగుండేది.

అమ్మమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. తాతయ్య రోజూ అడిగేవాడు, "మా ఇంటిది ఏదీ?" అని. మావయ్య ఉన్నమాట చెప్పేవాడు. "అమ్మ పోయింది కదా నాన్నా." ముసలాయన అప్పుడే విన్నట్టు గుండె బాదుకుని ఏడ్చేవాడు. గంటకల్లా ఏడుపూ మరిచిపోయి మళ్ళీ అడిగేవాడు. మావయ్య మళ్ళీ చెప్పేవాడు. ఒకరోజు అత్తయ్య మావయ్యని పక్కకి పిలిచి, "నిజం ఒక్కసారి చెబితే చాలండి. రోజూ చెప్పడమంటే రోజూ కొట్టడమే" అందట. ఆ తర్వాత ఆయన అడిగినప్పుడల్లా ఆవిడే జవాబు చెప్పేది. "మా అత్తగారు వండే కూరల్లో మీకు ఏదంటే ఇష్టమండీ మావయ్యగారూ?" ఆయన ముఖం విచ్చుకునేది. చింతచిగురు, ఎండురొయ్యలు అని మొదలెట్టి, ఆవిడ ఎలా వండేదో, పెళ్ళయిన కొత్తలో ఎలా మాడ్చేదో చెబుతూ చెబుతూ, ఏం అడిగాడో మరిచిపోయేవాడు.

అసలు చిక్కు తెల్లవారగట్ల వచ్చేది. చేతికి అలవాటైన వేళకి లేచి, మావులెత్తడానికి బయల్దేరేవాడు. ఆయన మావులు అప్పటికి లేవు. కనిపించిన మావల్లా ఎత్తేవాడు. ఒకరోజు ఎదురింటాయన మావు ఎత్తి చేపలన్నీ తీసుకొచ్చేశాడు. ఎదురింటాయన నోరు పెద్దది. గుమ్మం ముందు నిలబడి, "మీ పెద్దాయనకి మతి లేదని మా చేపలకి కూడా మతి లేదనుకున్నారా? తోవ తప్పి మీ ఇంటికొచ్చాయా?" అని అరిచాడు. మావయ్య సిగ్గుతో, రేపట్నుంచి నాన్నని మంచానికి కట్టేస్తానన్నాడు. అత్తయ్య చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఎదురింటికి వెళ్ళింది. బుట్ట దించి, "అన్నయ్యగారూ, ఒక్కమాట. గట్టుకి దగ్గరగా, మోకాటిలోతు నీళ్ళల్లో ఒక మావు పెట్టుకోనివ్వండి. అక్కడ చేప పడదని మీకూ తెల్సు, నాకూ తెల్సు" అంది. "చేప పడని చోట మావెందుకమ్మా?" అన్నాడాయన. "ఎత్తడానికండి" అంది.

అలా మొదలైంది. ఇంటి గుమ్మం దగ్గర్నుంచి గట్టుదాకా పది పదిహేను కర్రలు పాతింది. ప్రతిదానికీ తాటినార, రెండేసి ముళ్ళు. ఆయన ఇంటిని మరిచిపోయాడు కాని ఆ ముళ్ళని మరిచిపోలేదు. "మరుపు బుర్రకేనండి, చేతులకి రాలేదు" అనేది అత్తయ్య. ఒక కొర్రమీనుని కుండలో పెంచేది. కొర్రమీను మొండి చేప, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, కాసిని నీళ్ళల్లోనైనా బతుకుతుంది. సాయంత్రం దాన్ని తీసుకెళ్ళి, సగం మునిగిన మావులో వేసి వచ్చేది. తెల్లవారి తాతయ్య ముళ్ళు తడుముకుంటూ వెళ్ళి, మావెత్తి, చేప తెచ్చి ఆవిడ చేతికిచ్చేవాడు. "చూశావా అమ్మాయ్, మన చెయ్యి!" అనేవాడు. "మీ చెయ్యే చెయ్యండి మావయ్యగారూ" అని దాన్ని తీసుకుని మళ్ళీ కుండలో వేసేది. రోజూ అదే చేప. ఆ తర్వాత ఆయన రోజంతా నెమ్మదిగా ఉండేవాడు. స్నానం చేసేవాడు, అన్నం తినేవాడు, నూలు చేతికిస్తే వల అల్లేవాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. వెళ్ళిననాడు ఏమీ తెలీదు.

నేను దోనె దిగేసరికి ఆవిడ మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. తాడేపల్లిగూడెంలో వాళ్ళమ్మ జారిపడి మంచాన ఉంది. ఆవిడ కన్నతల్లిని చూసి మూడేళ్ళయింది. దోనెలో ఒడ్డు చేరి, భీమడోలు దాకా నడిచి, రైలెక్కితే ఒక పూట ప్రయాణం. ఆ ఒక్క పూట మూడేళ్ళుగా దొరకలేదు.

"రండి అల్లుడుగారూ" అంది నవ్వుతూ. "పిల్లనిద్దామంటే నాకు కూతురు లేకపోయె. మీ తాతగారిని ఇస్తాను, నాలుగు రోజులు ఏలుకోండి."

"అలాగేనత్తయ్యా. కట్నం ఏమిస్తారు?"

"చాకిరీ" అంది.

తాతయ్యకి నీళ్ళు ఎంత వేడి ఉండాలో, ఏ కంచంలో పెట్టాలో, ఎటు తిరిగి కూర్చోబెట్టాలో చెప్పింది. దోనె కదిలాక కూడా చెబుతూనే ఉంది. చివరికి మంచులోంచి ఒక కేక వినిపించింది. "కుండలో చేప జాగ్రత్తరా!"

నేను కుండ మూత తీసి చూశాను. మూర పొడుగు కొర్రమీను, నల్లగా నిగనిగలాడుతోంది. ఇంట్లో పిల్లి తిరుగుతోంది. పిల్లి పాలు చెయ్యకూడదని అత్తయ్య ఉద్దేశం అనుకున్నాను. మధ్యాహ్నానికి పులుసు పెట్టేశాను. తాతయ్య రెండుసార్లు అడిగి వడ్డించుకుని తిని, "ఎవరు బాబూ పట్టింది? మంచి చేప" అన్నాడు.

మర్నాడు తెల్లవారగట్ల ఆయన లేస్తే నేనూ వెనకాలే నడిచాను. మావయ్య అప్పటికే వేటకి వెళ్ళిపోయాడు. మంచు దుప్పటిలా ఉంది. తాతయ్య కర్రలు తడుముకుంటూ వెళ్ళి మావెత్తాడు. ఏమీ లేదు. తలకిందులు చేసి దులిపాడు. లోపల చెయ్యి పెట్టి చూశాడు. ఆయన ముఖం నేనెప్పుడూ మరిచిపోలేను. ఉన్న ఒక్కటీ పోయినవాడి ముఖం. "ఎవరో ఎత్తుకుపోయారు" అన్నాడు. ముందుకి, నీళ్ళలోకి నడిచాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. డెబ్బై దాటినా అది గెడ వేసి దోనె నడిపిన చెయ్యి, నేను నీళ్ళలో పడ్డాను. లేచి చూసేసరికి చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు.

"తాతయ్యా! ఇంటికి రండి తాతయ్యా!" అని అరిచాను. ఎటు నడిచినా ఒకటే మంచు. ఎక్కడో నీళ్ళ చప్పుడు అయింది, మళ్ళీ ఆగిపోయింది. నాలుగు రోజుల కోసం నమ్మి అప్పగించి వెళ్ళిన మనిషిని ఒక్క రోజులో పోగొట్టాను.

మంచులోంచి ఒక దోనె ముక్కు బయటికొచ్చింది. ఎదురింటాయన. "ఎందుకలా అరుస్తున్నావు? ఇల్లంటే ఆయనకేం తెల్సు? మీ అత్తయ్య పిలిచినట్టు పిలు."

"ఎలా పిలుస్తుందండీ?"

"రెండు ముళ్ళ గుర్తు ఇటుందండీ, అను."

అలాగే అరిచాను. "రెండు ముళ్ళ గుర్తు ఇటుందండీ!"

తర్వాత చాలా దూరంనుంచి, నెమ్మదిగా, బేరమాడుతున్నట్టు ఒక గొంతు వచ్చింది. "ఎన్ని ముళ్ళు?"

"రెండండీ!"

"తాటినారేనా?"

"తాటినారేనండీ!"

నీళ్ళు తోసుకుంటూ వచ్చాడు. ఛాతీలోతు దాకా తడిసి, ఎవరిదో ఉత్త మావు చంకలో పెట్టుకుని, నన్ను చూసి, "దారి చెప్పావు, పుణ్యం కట్టుకున్నావు బాబూ" అన్నాడు.

ఇంటికి తెచ్చి, పొడిబట్ట కట్టి, నిప్పు రాజేశాక ఎదురింటాయన కుండకేసి చూశాడు. "చేపేదీ?"

"కూరొండానండి."

ఆయన కుండలోకి తొంగి చూశాడు. "ఓరి నాయనో! ఈ లంకలో ఆ చేపని పిల్లి కూడా ముట్టుకోదు కదరా!" అని కడుపు పట్టుకుని నవ్వి, ఆ తర్వాత నవ్వడం మానేసి, నేను పైన చెప్పిందంతా అప్పుడు చెప్పాడు.

మధ్యాహ్నం మావయ్య వచ్చి విని, భయపడిపోయి, "గూడెంలో మీ అత్తయ్యకి కబురు పెట్టేద్దాం. రేపటికి వచ్చేస్తుంది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కబురందితే ఆవిడ అప్పుడే బయల్దేరుతుంది. అదే నా భయం. మూడేళ్ళకి దొరికిన నాలుగు రోజుల్లో ఒక రోజు దారికే పోయింది.

"వద్దు మావయ్యా. నేనున్నాను" అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. మావయ్య నమ్మలేదు. నేనూ పూర్తిగా నమ్మలేదు.

సాయంత్రం ఎదురింటాయన ఒక కొర్రమీనుని తెచ్చి, కుండలో వేసి వెళ్ళాడు. నాలుగో రోజున గూడెం వైపు వెళ్ళే ఒకాయనతో నేనే కబురు పంపాను. ఇక్కడంతా కులాసా, ఇంకో వారం ఉండి రండి అని. ఆ పది రోజులూ నేను చేసిన పని చెబితే పెద్దగా ఏమీ ఉండదు. నీళ్ళు కాచడం, అన్నం కలపడం, అదే మాటకి అదే జవాబు నలభైసార్లు చెప్పడం. ముప్పయ్యోసారి కోపం వచ్చేది. గట్టు దాకా వెళ్ళి అరిచి వచ్చేవాణ్ణి, పక్షులు లేచిపోయేవి. ఆవిడ ఇన్నేళ్ళలో ఎక్కడికెళ్ళి అరిచిందో అనుకునేవాణ్ణి.

పదకొండో రోజు అత్తయ్య వచ్చింది. కాళ్ళు కడుక్కుని ముందు కుండ మూత తీసింది. "ఇది మన చేప కాదే" అంది.

నేను తల వంచుకుని అంతా చెప్పాను. ఆవిడ స్తంభానికి ఆనుకుని వింది. పులుసు దగ్గరికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "నాదీ ఆ చేపదీ ఒకటే బతుకురా అబ్బాయ్. కుండలోంచి మావులోకి, మావులోంచి కుండలోకి. పోన్లే, దానికన్నా విడుదల దొరికింది."

"మీ అమ్మగారెలా ఉన్నారత్తయ్యా?" అన్నాను.

తల మీద చెయ్యి పెట్టుకుంది. జడ నున్నగా, బిగుతుగా అల్లి ఉంది. "మంచంలో కూర్చునే నాకు తల దువ్విందిరా. నా తల ఇంకొకరు దువ్వి ఎన్నేళ్ళయిందో" అంది.

ఆ మధ్యాహ్నం వసారాలో చాప మీద ఒరిగి అలాగే నిద్రపోయింది. నేను బయటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి తాతయ్య ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో తాటాకు విసనకర్ర. ఈగలు వాలకుండా మెల్లగా విసురుతున్నాడు. నన్ను చూసి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"లేపకు" అన్నాడు గుసగుసగా. "ఎవరి పిల్లో, బాగా అలిసిపోయింది."

దీపాలు పెట్టే వేళ దాకా అలా విసురుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత నెలకి నాలుగు రోజులు నేను లంకకి వెళ్ళేవాణ్ణి. ఏ పనిలో ఉన్నా ఆ నాలుగు రోజులు తప్పేవాణ్ణి కాదు. ఆవిడ గూడెం వెళ్ళేది, లేకపోతే ఊరికే పడుకునేది. ఎదురింటాయన భార్య కూడా మధ్యాహ్నాలు వచ్చి కూర్చోవడం మొదలెట్టింది. రెండేళ్ళకి తాతయ్య, నూలు చేతిలో ఉండగానే, నిద్రలో పోయాడు. ఆ రోజు చేపని అత్తయ్య ఏం చేసిందో తెలీదు. కుండ మాత్రం బోర్లించి ఉంది. మావు అక్కడే ఉంచేసింది. బద్ద విరిగితే కొత్త బద్ద వేసేది. ఎందుకత్తయ్యా అంటే, "చెయ్యి ఊరుకోదురా" అనేది.

కార్డు ఆలస్యంగా అందడంతో మొన్న పెద్దకర్మ నాటికే లంక చేరగలిగాను. దోనె నడిపినవాడు నన్ను ఏ ఇల్లని అడగలేదు, రెండు ముళ్ళ కర్రల వెంట నడిపి దించేశాడు. మావయ్య వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మర్నాడు ఇంకా తెల్లగా తెల్లవారకముందే మెలకువ వచ్చింది. నా కాళ్ళే గట్టుదాకా తీసుకెళ్ళాయి. అదే మంచు. కనిపించని పక్షులు అవే మాటలు మాట్లాడుకుంటున్నాయి. మోకాటిలోతు నీళ్ళల్లోకి దిగి మావెత్తాను. ఊరికే, అలవాటుగా.

బరువుగా ఉంది. లోపల ఏదో కదిలింది.

చేప పడని చోటది. కొంచెం దూరంలో ఎదురింటాయన దోనె మసకగా కనిపిస్తోంది. ఆయన నావైపు చూడలేదు. వంగి తన మావులు తను సర్దుకుంటున్నాడు.

మావుని నీళ్ళల్లో పడుకోబెట్టి మూత తీసి పట్టుకున్నాను. కొర్రమీను వెంటనే పోలేదు. పైకొచ్చి ఒక్కసారి గాలి పీల్చుకుంది. తలుపు తీసి ఉందని నమ్మకం కుదరనట్టు అక్కడే, నా కాళ్ళ దగ్గర, తెడ్డులాంటి తోకని నెమ్మదిగా విసనకర్రలా ఆడిస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత మంచు వైపు తిరిగింది.